ఊరు మారినప్పుడు స్థానిక సంఘంలో స్థిరపడటం ఎలా?

పల్లెలో పుట్టి పెరిగిన తెలుగు క్రైస్తవునికి సంఘాన్ని, అంటే చర్చిని, ఎంచుకోవలసిన అవసరం సాధారణంగా రాదు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టులు, గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్లు, మచిలీపట్నం వైపు ఆంగ్లికన్లు, కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులు, కడపలో లండన్ మిషన్ వారు, మెదక్‌లో మెథడిస్టులు పనిచేసినందువల్ల, తాత ఏ మందిరంలో బాప్తిస్మం పొందాడో మనవడు కూడా ఆ మందిరానికే వెళ్లాడు. ఉద్యోగానికో చదువుకో హైదరాబాదు చేరినవారికి మాత్రం ఈ సంఘాలన్నీ దగ్గర దగ్గరలోనే కనిపిస్తాయి. దాంతో ఆదివారానికొక చోట కూర్చుని, ఏళ్లు గడిచినా ఏ సంఘానికీ చెందకుండా మిగిలిపోయేవారు చాలామంది ఉన్నారు.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయం 24, 25 వచనాలు సమాజముగా కూడుట మానవద్దని చెబుతూనే, కూడినవారు ఒకరినొకరు ప్రేమకూ సత్కార్యాలకూ పురికొల్పుకోవాలనీ, హెచ్చరించుకోవాలనీ చెబుతాయి. పేరైనా తెలియని మనిషిని ఎవరూ హెచ్చరించలేరు. కాబట్టి వరుసగా మూడు ఆదివారాలు మీరు రాకపోతే ఎవరైనా ఫోన్ చేసి అడుగుతారా అన్న ప్రశ్నకు అవుననే జవాబు వచ్చేంతవరకు, మీరు ఆరాధనకు వెళ్తున్నారే గాని సంఘంలో చేరలేదని భావించండి. యూట్యూబులో వాక్యం వినడం మంచిదే, కానీ ఆ ప్రసంగీకునికి మీరు ఎవరో తెలియదు.

బయలుదేరే ముందే మీ ఊరి అయ్యగారి (సంఘ కాపరి, అంటే పాస్టరు) దగ్గర సభ్యత్వ బదిలీ ఉత్తరం తీసుకోండి. బాప్తిస్మం పొందిన తేదీ, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాల వారైతే కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకునే ఆచారం) తేదీ, ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారంలో, పాలుపొందే సభ్యులేనన్న మాట అందులో ఉండాలి. ఊరు దాటిన తర్వాత, పైగా పాత అయ్యగారు బదిలీ అయిన తర్వాత, ఈ కాగితం సంపాదించడం ఎంత కష్టమో పెళ్లి కుదిరినప్పుడు గాని చాలామందికి తెలిసిరాదు.

సంఘాన్ని ఎంచుకునేటప్పుడు మొదట దూరాన్ని చూడండి. నగరానికి ఆ చివరనున్న పేరుమోసిన మందిరం కంటే, బుధవారం సాయంత్రం ప్రార్థన కూడికకు కూడా వెళ్లగలిగినంత దగ్గరలో ఉన్న చిన్న సంఘం మేలని నా అభిప్రాయం. ఆ తర్వాత బోధనూ ఆచారాన్నీ పరిశీలించండి. సి.ఎస్.ఐ., లూథరన్ సంఘాలు పసిపిల్లలకు బాప్తిస్మమిస్తాయి; బాప్టిస్టులు, పెద్దలే కూడికలు నడిపే బ్రదరెన్ వారు, సువార్తికుడు బక్త్ సింగ్ గారు ప్రారంభించిన సహవాసాల వారు విశ్వసించి ఒప్పుకున్నవారికే నీటిలో ముంచి ఇస్తారు. రొట్టె విరవడం, అంటే ప్రభువు బల్ల, బ్రదరెన్ కూడికల్లో ప్రతి ఆదివారం ఉంటుంది, మరికొన్ని సంఘాల్లో నెలకొకసారే జరుగుతుంది. మీ బాప్తిస్మాన్ని అక్కడ అంగీకరిస్తారో లేదో ముందుగానే, మర్యాదగా, కాపరిని అడిగి తెలుసుకోండి. ఏడాది తర్వాత బల్ల దగ్గర ఈ ప్రశ్న ఎదురైతే ఇరువైపులా బాధ కలుగుతుంది. కానుకల లెక్క సంఘానికి చెబుతారా, కాపరిని ప్రశ్నించగల పెద్దలు ఉన్నారా అన్న విషయాలు కూడా అడగవలసినవే. ఈ రెండింటికీ కోపంతో సమాధానం వచ్చిన చోట నేనైతే చేరను.

పాటలు బాగున్నాయా, ప్రసంగం కదిలించిందా అన్నది ఒక్క ఆదివారంతో తేల్చకండి. కనీసం రెండు నెలలు, బల్ల ఉన్న ఆదివారంతో సహా, ఒకే చోటికి వెళ్లండి. ఆరాధన ముగియగానే బండి తీయకుండా కాసేపు ఆగి పలకరించండి. బక్త్ సింగ్ గారి సహవాసాల్లో ఆరాధన తర్వాత ప్రేమవిందుకు అందరూ కలిసి కూర్చుంటారు; కొత్తవారికి ఇంతకంటే సులువైన పరిచయ మార్గం ఉండదు. అటువంటి ఏర్పాటు లేని చోట గృహకూడికలో గాని, యవ్వనస్థుల కూడికలో గాని, స్త్రీల సమాజంలో గాని చేరండి. పెద్ద మందిరంలో వందలమంది మధ్య చెప్పుకోలేని అనారోగ్యాన్నీ అప్పునూ పదిమంది కూర్చున్న గదిలో ప్రార్థన విన్నపంగా చెప్పుకోవచ్చు.

నిర్ణయించుకున్న తర్వాత ఉత్తరం ఇచ్చి సభ్యత్వ పుస్తకంలో పేరు వ్రాయించుకోండి. పెండ్లి ప్రకటనలు (పెళ్లికి ముందు ఆరాధనలో వధూవరుల పేర్లు ప్రకటించడం) చదవడానికీ, సమాధుల తోటలో స్థలానికీ అనేక సంఘాలు సభ్యత్వాన్నే ఆధారంగా తీసుకుంటాయి. ఆపైన ఒక చిన్న పని అడిగి తీసుకోండి: కుర్చీలు సర్దడం, సండే స్కూలులో సాయపడటం, ఆసుపత్రిలో ఉన్నవారిని చూసి రావడం. పాట పాడే అవకాశం కోసం మాత్రమే ఎదురుచూసేవారు చాలాకాలం ఎదురుచూస్తూనే ఉంటారు. కానుకను కూడా ఇక్కడే క్రమంగా ఇవ్వండి. సొంత ఊరి మందిరానికి పంపదలచినది దానికి అదనంగా ఉండాలి.

సంఘంలో మనస్పర్ధలు తప్పక వస్తాయి. మత్తయి సువార్త 18వ అధ్యాయం 15 నుండి 17 వచనాలు చెప్పిన వరుసనే పాటించండి: ముందు ఆ మనిషితో ఏకాంతంగా, తర్వాత ఒకరిద్దరి సమక్షంలో, చివరికి సంఘం ముందు. వాట్సాప్ గుంపులో మొదలుపెట్టకండి. అయితే పిల్లలపై గాని స్త్రీలపై గాని వేధింపు జరిగితే ఈ వరుస కోసం ఆగవలసిన పని లేదు. వెంటనే పోలీసులకు తెలియజేయాలి. బోధ దారి తప్పినా, డబ్బు విషయంలో మోసం బయటపడి పెద్దలు సరిదిద్దకపోయినా, సంఘాన్ని మారవచ్చు. అప్పుడు కూడా కారణం కాపరికి నేరుగా చెప్పి, ఉత్తరం అడిగి తీసుకుని వెళ్లండి.