సెర్రపెత్రోనా వెర్నాచ్చాను గుర్తించి ఎంచుకొనే విధానం

సీసా మీద "వెర్నాచ్చా" అన్న పేరు కనిపించగానే లోపల ఏ వైన్ ఉందో నిర్ణయించుకోకుండా, ఆ పేరు పక్కన ఏ ఊరి పేరు ఉందో ముందుగా చదవాలి. తస్కనీలోని సాన్ జిమిన్యానో వెర్నాచ్చా తెల్లనిది. ఇటలీ తూర్పు తీరాన, మార్కే ప్రాంతంలోని మాచెరాతా జిల్లాలో తయారయ్యే సెర్రపెత్రోనా వెర్నాచ్చా మాత్రం ఎర్రనిది, పైగా నురగ వచ్చేది. ఇవి వేర్వేరు ద్రాక్ష రకాల నుంచి వస్తాయి.

ఈ పేరు వాడుకొనే హక్కు సెర్రపెత్రోనాకూ, దాని పొరుగున ఉన్న బెల్ఫోర్తే దెల్ కియెంతి, సాన్ సెవెరినో మార్కేల పరిధిలోని కొంత నేలకూ మాత్రమే ఉంది. 1971లో దీనికి డీఓసీ హోదా, అంటే పుట్టిన ప్రాంతాన్నీ తయారీ పద్ధతినీ బట్టి ఇటలీలో వైన్‌కు ఇచ్చే అధికారిక గుర్తింపు, లభించింది. ఆ తరువాత అంతకన్నా పై మెట్టయిన, హామీతో కూడిన డీఓసీజీ దక్కింది. అందువల్ల బిరడా మీదుగా అతికించిన, క్రమసంఖ్య ఉన్న ప్రభుత్వ పట్టీ చిరగకుండా ఉందో లేదో చూసి తీసుకోవాలి.

నియమాల ప్రకారం కనీసం 85 శాతం నల్ల వెర్నాచ్చా ద్రాక్ష ఉండాలి. అంతకన్నా ముఖ్యమైన నియమం మరొకటి ఉంది: మొత్తం పంటలో కనీసం 40 శాతం గుత్తులను వెంటనే పిండకుండా, గాలి ఆడే గదులలో ఆరబెట్టాలి. కోత సమయంలోనే పిండిన రసం మొదటిసారి పులిసి వైన్ అవుతుండగా, పక్కన పెట్టిన గుత్తుల కాడలు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి, గింజల తొక్క ముడతలు పడుతుంది, నీరు తగ్గి తీపి చిక్కబడుతుంది. చలికాలం నడుమ ఆ గుత్తులను పిండి, ఆ రసాన్ని ముందే తయారైన వైన్‌లో కలిపినప్పుడు రెండవ పులియుట నెమ్మదిగా సాగుతుంది. మూడవది మూసిన పాత్రలో జరుగుతుంది కాబట్టి, పుట్టిన వాయువు బయటికి పోలేక వైన్‌లోనే కరిగి నురగగా నిలుస్తుంది. ఇంత ఓపికను చట్టమే కోరడం నాకు ఎంతో గౌరవనీయంగా అనిపిస్తుంది, ఎందుకంటే తొందరపడితే ఈ వైన్ రుచే మారిపోతుంది.

చివరగా లేబుల్ మీద "సెక్కో" అని ఉందో, "దోల్చే" అని ఉందో చూడాలి. మొదటిది తీపి తక్కువ రకం. మార్కేలో రొట్టె మీద పూసుకొనే మెత్తని పంది మాంసపు సాసేజ్ చావుస్కోలోతో ఇది చక్కగా కుదురుతుంది. రెండవది తియ్యనిది కనుక భోజనం ముగిశాక, పొడి బిస్కెట్లతో అందించాలి. ఏది తెచ్చినా బాగా చల్లబరిచి, సీసాను కదపకుండా నిలిపి ఉంచి, బిరడాను చేత్తో అదిమిపట్టి మెల్లగా తీయాలి. గ్లాసును కొద్దిగా వంచి పోస్తే ఊదారంగు నురగ పొంగిపోకుండా అంచు దాకా లేచి నిలుస్తుంది.