పాల చీటీ చదువుదాం – 4వ పాఠం: పాయింటు పక్కన సున్నా

పాల కేంద్రంలో పాలు పోశాక చేతికిచ్చే చీటీ ఎలా చదవాలో చెప్పే పాఠాలివి. ఈసారి బిల్లు లెక్కలోకి దిగుతామని మూడో పాఠం చివర మాటిచ్చాను. దిగుదాం, కానీ ముందు నేను పెట్టిన చిచ్చు నేనే ఆర్పాలి.

పోయిన పాఠంలో ఏం చెప్పాను? లీటరు నీళ్లు కిలో తూగుతాయి, పాలు అంతకంటే కాస్త బరువు, లీటరుకు సుమారు కిలో ముప్పై గ్రాములు, కాబట్టి ఐదు లీటర్లు పోస్తే కాటా 5.150 దగ్గర చూపించాలి అన్నాను. మాట నిజమే. అది చదివి మీలో కొందరు మర్నాడు పొద్దున్నే క్యాను పట్టుకుని పోయి కాటా ముందు నిలబడ్డారు. ఐరాల వైపు నుంచి ఒక పెద్దాయన రాశారు. ఐదు లీటర్ల క్యాను నిండా తీసుకుపోతే కాటా 4.840 చూపించిందట. "మూడు వందల పది గ్రాములు నొక్కేస్తావురా" అని అక్కడున్న అబ్బాయిని అందరి ముందూ అనేశారట. ఆ అబ్బాయి ఈయనకు వరసకు మేనల్లుడు. వారమైంది, రెండిళ్ల మధ్యా మాటల్లేవు.

తప్పు అబ్బాయిది కాదు, కాటాదీ కాదు. నాది. నేను నురుగు సంగతి చెప్పలేదు. పందొమ్మిదేళ్లు కేంద్రంలో పాలు పోయించుకున్నవాణ్ణి, అది వేరే చెప్పాల్సిన విషయమని తోచలేదు. అప్పుడే పిండిన పాల మీద నాలుగు వేళ్ల మందాన నురుగుంటుంది. క్యాను మూతిదాకా నిండినట్టే కనబడుతుంది. కేంద్రానికి నడిచి పోయేలోపు నురుగు అణిగి, లోపల మిగిలింది 4.7 లీటర్లు అనుకోండి. దాన్ని 1.03తో గుణిస్తే 4.841. కాటా చూపించింది 4.840. ఆ కాటాకు దండం పెట్టాలి.

పెద్దాయనా, ఇది చదువుతుంటే ఈ సాయంత్రమే పోయి మేనల్లుడితో మాట్లాడండి. నన్ను నాలుగు తిట్టి మొదలుపెడితే మాట సులువుగా కలుస్తుంది.

లీటర్లు సరిగ్గా చూసుకోవాలంటే పాలను క్యాను అంచు వెంట జారేలా పోయండి, పది నిమిషాలు ఆగండి, నురుగు కింద పాలు ఎక్కడిదాకా ఉన్నాయో చూడండి. పది నిమిషాలంటే పది నిమిషాలే. మన ఎండలకు గంటలకొద్దీ పెట్టుకుని కూర్చుంటే పాలు పులుపెక్కుతాయి, అప్పుడు తూకం కాదు, పాలే వెనక్కి వస్తాయి. ఇంకోటి, క్యాను మీద ఐదు లీటర్లు అని అచ్చేసి ఉన్నంత మాత్రాన అందులో ఐదే పడతాయని లేదు. ముందు నీళ్లతో కొలిచి, ఐదు దగ్గర మేకుతో గీత గీసుకోండి.

కాటా మీదే అనుమానమా? పాలు పోసే వేళ, వెనకాల పదిమంది నిలబడి ఉండగా అడగొద్దు. సాయంత్రం పాలకు అరగంట ముందు పొండి. "అబ్బయ్యా, ఒకసారి ఉప్పు ప్యాకెట్ పెట్టి చూద్దామా?" అనండి. విప్పని కిలో ప్యాకెట్ కవరుతో కలిపి కిలోకు కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కిలో రాయి దొరికితే మరీ మంచిది. టేరు కొట్టడం, అంటే ఖాళీ క్యాను బరువు తీసేయడం, అందరికీ తెలిసిందే, దాటేస్తున్నా.

పాకాల అక్క ఒకామె లెక్క తలకిందులు చేసింది. చీటీలో 6.180 కిలోలుంటే దాన్ని 1.03తో గుణించి 6.365 లీటర్లు పోశానని మురిసిపోయింది. కిలోల్లోంచి లీటర్లకు వచ్చేటప్పుడు భాగించాలి అక్కా. 6.180ని 1.03తో భాగిస్తే సరిగ్గా ఆరు లీటర్లు. నేనైతే భాగహారం జోలికే పోను. కిలోకు ముప్పై గ్రాముల చొప్పున తీసేస్తాను, ఆరు ముప్పైలు నూట ఎనభై, పోతే ఆరు. కాస్త తేడా వస్తుంది, రానీయండి.

ఇక ఈ పాఠానికి పేరు తెచ్చిన సంగతి. "ఐదు పాయింట్ ఐదు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చీటీ మీద 5.05 ఉంటుంది, నోటితో ఐదు పాయింట్ ఐదు అంటారు. 5.5 ఉన్నా అదే మాట. ఆ రెంటికీ మధ్య 450 గ్రాముల పాలున్నాయి!

ఎందుకింత మంట అంటే, ఈ తప్పు నేనే చేశాను కాబట్టి. మొదట్లో మా కేంద్రంలో ప్రింటు చీటీ లేదు. కాటా దగ్గర నేను, నోటుబుక్కు దగ్గర మా ఆవిడ. నేను కేకేస్తే ఆమె రాసేది. 5.05నీ ఐదు పాయింట్ ఐదు అన్నాను, 5.5నీ అదే అన్నాను. ఆమె కొన్నిసార్లు అలా, కొన్నిసార్లు ఇలా రాసింది. పదో రోజు కూడితే బుక్కులో పాలకూ క్యాన్లలో పాలకూ పొంతన లేదు. ఎక్కువ రాసిన వాళ్లకు నా జేబులోంచి పోయింది, అది సరే. తక్కువ రాసిన వాళ్ల సంగతేంటి? మా వీధి చివర ఒక్క ఎనుమును పెట్టుకుని బతికే అవ్వ ఒకామె ఉండేది. పూటకు రెండున్నర కిలోలు పోసేది. ఒక పూట 2.05 అని పడింది. ఆమెకు చదువు రాదు. మనవడితో బుక్కు చదివించుకుని నేరుగా మా గడపలోకొచ్చింది. "ఏం అబ్బయా, నా చెంబు పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే. మీ బుక్కులో ఒక పూట నా ఎనుము వట్టిపోయిందా?" అంది. అందరూ నవ్వారు, నేను నవ్వలేకపోయాను.

ఆరోజు నుంచి మా కేంద్రంలో పాయింటు అన్న మాటే లేదు. ఐదు కిలోల యాభై, ఐదు కిలోల ఐదు వందలు. అంతే.

చదివే పద్ధతి చెబుతాను. పాయింటు తరవాత మూడు అంకెలు వచ్చేదాకా వెనకాల సున్నాలు పెట్టండి. 5.05 అయితే 5.050, యాభై గ్రాములు. 5.5 అయితే 5.500, ఐదు వందల గ్రాములు. సున్నా వెనకాల పెడితే విలువ మారదు, పాయింటు పక్కన పెడితే మొత్తం మారిపోతుంది.

భూమి సంగతి చూడండి, అక్కడ మీరెవరూ తడబడరు. పాసుబుక్కులో 1.05 ఉంటే ఎకరా ఐదు సెంట్లు, 1.50 ఉంటే ఎకరన్నర. ఐదు సెంట్లను యాభై సెంట్లని ఎవరైనా అంటే గట్టు మీదే గొడవైపోతుంది. బంగారం అంగట్లో సవర మీద 0.05 గ్రాము ఎక్కువుందంటే కళ్లు చిట్లించి చూస్తారు, అదే 0.5 అంటే డబ్బు లెక్కపెట్టుకుంటారు. రూపాయల్లో 8.05 అంటే ఎనిమిది రూపాయల ఐదు పైసలు. ఇన్నిచోట్ల తెలిసిన విషయం పాల దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోతుందో!

ఎస్‌ఎన్‌ఎఫ్ దగ్గర ఇదే తప్పు వేషం మార్చుకుని వస్తుంది. పాలల్లో నీళ్లూ కొవ్వూ పోగా మిగిలేది నూటికి ఎంతో చెప్పే అంకె అది. నిన్న 8.4, ఈరోజు 8.35. "పెరిగింది గదా సార్, నాలుగు పోయి ముప్పై అయిదు అయింది, రేటు ఎందుకు తగ్గింది?" అని పోయిన పాఠం తరవాత ముగ్గురు అడిగారు. 8.4 వెనకాల సున్నా పెట్టండి, 8.40. ఇప్పుడు చెప్పండి, ఏది పెద్దది? ఒకామె కొడుకు మాత్రం ఒప్పుకోలేదట. క్రికెట్‌లో 4.5 తరవాత ఇంకో బంతి వేస్తే 5 ఓవర్లు కదా అన్నాడట. అక్కడున్నది వట్టి చుక్క బాబూ, నాలుగు ఓవర్ల ఐదు బంతులని చెప్పే గుర్తు. పాల చీటీకీ దానికీ సంబంధం లేదు.

నాకు పాయింటు విలువ నేర్పింది గెర్బర్ గొట్టం, పాలల్లో వెన్న నూటికి ఎంతో చూపే గాజు గొట్టం. ఇప్పటి మిషన్లు నిమిషంలో అంకె చూపిస్తున్నాయి గానీ, అప్పట్లో గొట్టంలో 10 మిల్లీలీటర్ల ఆసిడ్ పోసి, పిపెట్టుతో 10.75 మిల్లీలీటర్ల పాలు, ఆపైన 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి తిప్పేవాళ్లం. గొట్టం మెడ మీద సన్నని గీతలు, ఒక్కో గీత 0.1. కన్ను ఒక్క గీత పైకి పోతే ఒక రైతుకు లాభం, కిందికి పోతే నష్టం.

సరే, బిల్లు. వెన్న, అంటే చీటీలో ఫ్యాట్ అని ఉండేది, కిలో 300 రూపాయలు, ఎస్‌ఎన్‌ఎఫ్ కిలో 250 అనుకుందాం. ఇవి లెక్క కోసం నేను పెట్టుకున్న రేట్లు, మీ కేంద్రంలోవి కావు. ఫ్యాట్ 4.0, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 ఉన్న కిలో పాలల్లో 40 గ్రాముల వెన్న, అంటే 12 రూపాయలు. 85 గ్రాముల ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే 21.25. రెండూ కలిపితే కిలోకు 33.25. మన 5.05 కిలోలకు 167.91 వస్తుంది. అదే 5.5 అని రాసుంటే 182.88. ఒక్క సున్నా, ఒక్క పూట, పదిహేను రూపాయలు.

ప్రతి పూటా ఇంత గుణకారం ఎవరు చేస్తారు? నా అడ్డదారి ఇది. ఈ రేట్లకు ఫ్యాట్ ఒక గీత, అంటే 0.1, మారితే కిలోకు 30 పైసలు మారుతుంది. ఎస్‌ఎన్‌ఎఫ్ ఒక గీతకు 25 పైసలు. 4.0, 8.5 దగ్గర 33.25 అన్నది గుర్తుంచుకుని అక్కణ్ణుంచి దిగడమో ఎక్కడమో. ఫ్యాట్ 3.7కి పడిందా, మూడు గీతలు, 90 పైసలు తీసేయండి, 32.35. ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా 8.3కి దిగిందా, ఇంకో యాభై పైసలు, 31.85. చీటీ చేతికొచ్చేలోపు మనసులో లెక్క అయిపోతుంది. కొన్నిచోట్ల ఎస్‌ఎన్‌ఎఫ్ ఒక హద్దు దాటి తగ్గితే కోత ఎక్కువుంటుంది. గోడ మీద చార్టును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఆవు పాలల్లో కొవ్వు కనీసం 3.2, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3 ఉండాలని రెండో పాఠంలోనే చెప్పాను.

పొద్దున ఫ్యాట్ తక్కువ, సాయంత్రం ఎక్కువ ఎందుకని అడిగారు. రాత్రి ఎడం ఎక్కువ, పాలు ఎక్కువ, వెన్న పలచన. మిషన్‌ను తిట్టకండి. ఇంకో మాట, పొదుగులో మొదట వచ్చే పాలు పలచన, ఆఖరి పాలల్లోనే వెన్నంతా. దూడను ముందు వదిలి ఆవు చేపగానే పక్కకు కట్టి పూర్తిగా పిండితే వెన్న క్యానులో పడుతుంది. ముందు మీరు పిండి ఆఖర్న దూడను వదిలితే వెన్న దూడ తాగుతుంది. దూడకు పాలు మానేయమనడం లేదు, దాని వంతు ముందిచ్చేయండి.

రోజు సగటు తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. పొద్దున 6 కిలోలు 3.6, సాయంత్రం 4 కిలోలు 4.4 అయితే సగటు 4.0 కాదు. ఆరు మూడున్నర్రాలు అంటూ నోటి లెక్క వద్దు, కాగితం మీద వేయండి: 21.6, 17.6, మొత్తం 39.2, పదితో భాగిస్తే 3.92.

ఇళ్లకు పోసే వాడిక పాల గురించి రెండు మాటలు. పక్కింటికి లీటరు 45కి పోస్తున్నాం, కేంద్రంలో 33.25 అని పోల్చేస్తారు. కేంద్రంది కిలో రేటు, లీటరుకు మారిస్తే సుమారు 34.25. ఇక్కడ కొసరు కూడా ఉంది. అరలీటరు గ్లాసు మీద యాభై మిల్లీలీటర్లు కొసరు పోస్తే 45 రూపాయలకు 1.1 లీటరు పోసినట్టు, అంటే లీటరు 40.91 పడుతుంది. అయినా ఎక్కువే. కొసరు మానకండి, నెలాఖరుకు డబ్బులు అడగడం మానకండి. ఈనిన ఆవు పాలు మొదటి ఐదు రోజులు కేంద్రానికి ఎటూ పనికిరావు, జున్నుకు ఇరుగుపొరుగుకు పోతాయి. వాటిని లెక్కలో రాసే పని లేదు.

అభ్యాసం. పది రోజులు, ఇరవై చీటీలు. ప్రతి చీటీ వెనకాల బరువును గ్రాముల్లో మాటలతో రాయండి, అంకెల్లో కాదు. మీ కేంద్రం రేట్లతో గీతకు ఎన్ని పైసలో ముందు తేల్చుకుని, ఏ పూట డబ్బు ఆ పూటే వేయండి. పదో రోజు బిల్లు రాకముందే మొత్తం కూడి మడిచిపెట్టి, బిల్లు వచ్చాక విప్పండి. మధ్యలో ఒకరోజు కేంద్రం అబ్బాయిని బతిమాలుకుని మొదటి అరలీటరు, ఆఖరి అరలీటరు వేరువేరుగా టెస్టు చేయించండి. తేడా చూసి నాకు రాయండి. చీటీలు పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ మొదటి రోజు నుంచి.