ర్యామ్ లోపాన్ని నిర్ధారించి సరిచేసే పద్ధతి

ఏ పని చేస్తున్నారన్నదానితో నిమిత్తం లేకుండా కంప్యూటర్ ఆగిపోవడం, నీలి తెర చూపి రీస్టార్ట్ కావడం, నిన్న తెరుచుకున్న జిప్ ఫైలు ఇవాళ పాడైందని చెప్పడం వంటివి కనిపిస్తే ర్యామ్‌ను, అంటే నడుస్తున్న పనుల డేటాను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీని, అనుమానించాలి. లోపమున్న ర్యామ్ గుండా వెళ్లిన డేటా చెడిపోయిన రూపంలోనే డిస్కుకు చేరవచ్చు కాబట్టి, ముందుగా ఆ కంప్యూటర్‌లో ముఖ్యమైన పనులన్నీ ఆపాలి. పాత బ్యాకప్ మీద కొత్తది రాయనే కూడదు.

తర్వాత బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగల ప్రాథమిక సెట్టింగుల తెరలోకి) వెళ్లి, ర్యామ్‌ను ప్రామాణిక వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్‌లో ఉంటే తీసేయండి. కింద చెప్పే పరీక్షలో ప్రామాణిక వేగం దగ్గర తప్పులు రాకపోతే ర్యామ్ చెడిపోయిందని తొందరపడి తీర్మానించనక్కరలేదు. ఆ అధిక వేగం దగ్గరే ఇబ్బంది ఉండవచ్చు.

విండోస్‌లోని మెమరీ డయాగ్నస్టిక్ ప్రాథమిక పరిశీలనకు పనికొస్తుంది. కానీ నేను నమ్మేది ఉచితంగా దొరికే మెమ్‌టెస్ట్86+ ను. దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ అడ్డు లేకుండా దాదాపు మెమరీ అంతటినీ పరీక్షిస్తుంది. కొన్ని తప్పులు మొదటి పాస్‌లో (పరీక్ష మొత్తం ఒకసారి పూర్తయ్యే చుట్టులో) బయటపడవు కాబట్టి రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు వచ్చినా దాన్ని ఉపేక్షించకూడదు.

తప్పు వచ్చినంత మాత్రాన స్టిక్కే (మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చే ర్యామ్ పట్టీయే) దోషి కాదు. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, స్థిర విద్యుత్తు పోయేలా కేబినెట్ లోహాన్ని తాకి, స్టిక్కులన్నీ బయటికి తీయండి. మదర్‌బోర్డు మాన్యువల్ సూచించిన స్లాట్‌లో ఒక్కొక్క స్టిక్కునే పెట్టి పరీక్షించండి, తర్వాత మిగతా స్లాట్‌లలోనూ అలాగే చూడండి. ఒకే స్టిక్కు ఏ స్లాట్‌లోనైనా తప్పు చూపితే లోపం దానిదే. అన్ని స్టిక్కులూ ఒకే స్లాట్‌లో తప్పు చూపితే ఆ స్లాట్‌ను, అన్ని స్లాట్‌లలోనూ చూపితే మదర్‌బోర్డును, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌ను అనుమానించాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్న నియమం ఇక్కడ ప్రాణం. రెండు మార్పులు కలిపి చేస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తేలదు.

స్టిక్కు అంచున ఉండే బంగారు రంగు కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరిన తర్వాత, క్లిప్ పడేదాకా నొక్కి పెట్టండి. రబ్బరుతో రుద్దడం చాలామంది చేసేదే అయినా, దాని పొడి స్లాట్‌లో చేరుతుంది.

చెడిన స్టిక్కుకు మరమ్మతు లాభం లేదు, మార్చాల్సిందే. డీడీఆర్4, డీడీఆర్5 అనే రెండు తరాల డెస్క్‌టాప్ స్టిక్కులు రెండింటికీ 288 పిన్నులే ఉన్నా గాడి స్థానం వేరు, ఒకదాని బదులు ఒకటి పనిచేయవు. జతగా కొన్నవైతే వారంటీకి రెండూ పంపమని కంపెనీ అడగవచ్చు. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటే బోర్డు మరమ్మతు తప్పదు. లినక్స్ వాడేవారు బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి) ఇచ్చే మెమ్‌మ్యాప్ ఐచ్ఛికంతో మెమరీలోని చెడిన చిరునామాలను పక్కన పెట్టి కొంతకాలం నెట్టుకురావచ్చు.

కొత్త స్టిక్కుతో పరీక్ష మళ్లీ నడిపి తప్పులు లేవని చూసుకున్నాకే, సిస్టమ్ ఫైళ్లను, డిస్కును తనిఖీ చేసి, లోపమున్న రోజుల్లో సేవ్ చేసిన ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి.