చూరు నీళ్లు కాలవ పాలు కాకుండా పెరట్లో వాన తోట వేయడం ఎలా?

పర్లాకిమిడిలో మా వీధివన్నీ వరస ఇళ్లు. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, వెనక సన్నగా పొడవాటి పెరళ్లు. గట్టి వాన పడితే కప్పు మీది నీళ్లు పెరటి మట్టిని కోసుకుంటూ వీధి కాలవలోకి, అటు నుంచి మహేంద్రతనయ ఏటిలోకి పోతాయి. ఎండాకాలం వచ్చేసరికి నూతిలో చేద అడుక్కి తగులుతుంది. ఆ నీళ్లను ఇంటి దగ్గరే నేలకు తాగించడానికి లోతు తక్కువ గుంత తవ్వి మొక్కలు నాటుతాం. అదే వాన తోట.

ముందు ఒక వానలో గొడుగు వేసుకుని పెరట్లో నిలబడండి. చూరు కింద నేలలో వరసగా చిన్న చిన్న గుంటలు పడి ఉంటాయి. వాటి నుంచి వేలు మందాన చాళ్లు బయల్దేరి ఒకచోట కలుస్తాయి. తవ్వాల్సింది ఆ దారిలోనే. కానీ ఇంటి పునాదికి కనీసం 10 అడుగుల దూరం ఉండాలి, పక్కింటి గోడకూ అదే లెక్క. మొదటి ఏడు నేను నాలుగడుగుల్లోనే తవ్వాను. భాద్రపదం నాటికి వంటింటి గోడ మోకాలెత్తు చెమ్మెక్కి సున్నం పెచ్చులు రాలింది. అది పూడ్చి పెరటి చివర మళ్లీ తవ్వుకున్నాను. సెప్టిక్ ట్యాంకు దగ్గరా, పెద్ద చెట్టు వేళ్ల మీదా కూడా వద్దు.

తర్వాత నేల పరీక్ష. దీన్ని మాత్రం మానకండి. అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపి టైం చూసుకోండి. 24 గంటల్లో ఇంకితే ఆ చోటు పనికొస్తుంది. ఇంకకపోతే అది జిగట నేల. వేరే చోటు చూడండి, లేదా రెండడుగులు తవ్వి, సగం ఇసుక, పావు వంతు మాగిన పేడ ఎరువు, పావు వంతు పైమట్టి కలిపి నింపండి. దోమల టెన్షన్‌కీ మందు ఇదే: గుడ్డు దోమ కావడానికి వారం దాకా పడుతుంది, ఒకటి రెండు రోజుల్లో ఇంకే నీళ్లలో దానికి ఆ వ్యవధి దొరకదు.

ఎంత తవ్వాలి? 500 చదరపు అడుగుల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 2,300 లీటర్లు దిగుతాయి. కప్పులో ఐదో వంతు, అంటే 100 చదరపు అడుగులు, అరడుగు లోతు తవ్వితే ఒక్కసారికి 1,400 లీటర్లు పడతాయి. వాన కురుస్తుండగానే కొంత ఇంకుతుంది కూడా. అంత చోటు లేకపోతే సగమే తవ్వండి, పట్టినంత పడుతుంది.

రోహిణి కార్తెలో తవ్వి, మృగశిర చినుకులు పడ్డాక నాటడం మంచిది. రోహిణిలో నేల గునపానికి లొంగదు, ముందు రోజు సాయంత్రమే తడిపి ఉంచండి. గుంత అడుగు చదునుగా ఉండాలి, లేకపోతే నీళ్లన్నీ ఒక మూలకే చేరతాయి. మేస్త్రీలు ట్యూబులో నీళ్లు నింపి మట్టం చూసినట్టు చూసుకోండి. తీసిన మట్టిని పల్లం వైపు గట్టుగా వేసి తొక్కండి. నీళ్లు దూకే చోట రాళ్లు పరవండి. గట్టును ఒకచోట రెండంగుళాలు తగ్గించి అక్కడా రాళ్లు పేర్చండి, ఎక్కువైన నీళ్లు అటు నుంచి కాలవలోకి పోతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును చూసినవాళ్లకు ఈ దారి ఎందుకో చెప్పక్కర్లేదు.

అడుగున వట్టివేరు, మెట్టతామర, చేమ వేయండి. తడికీ తట్టుకుంటాయి. వట్టివేరు వేళ్లు నిలువుగా లోతుకు దిగి నీటికి దారి చేస్తాయి, అందుకే నాకు దాని మీద మక్కువ. వాలు మీద నిమ్మగడ్డి, గట్టు మీద మందార, పసుపు.

మొదటి వేసవి నీళ్లు పోయాలి, కలుపు తీయాలి. వానాకాలం అయ్యాక అడుగున పేరుకున్న ఒండ్రు గీకి తీసేయండి. తొలి పెద్ద వాన వెలిసిన మర్నాడు అదే వేళకు వెళ్లి చూడండి. ఇంకా నీళ్లు నిలిచి ఉంటే అడుగు మట్టిని గునపంతో అక్కడక్కడా వదులు చేసి ఇసుక కలపండి.