హాఫ్ స్టాకా, ఫుల్ స్టాకా? డెల్టా వేదికలకు గిటార్ ఆంప్లిఫయర్ ఎంపిక

పన్నెండు అంగుళాల స్పీకర్లు నాలుగు బిగించిన బాక్సు ఒకదానిపై ఆంప్లిఫయర్ హెడ్‌ను, అంటే స్పీకర్లు లేని ఆంప్లిఫయర్ పెట్టెను ఉంచితే అది హాఫ్ స్టాక్. అటువంటి బాక్సులు రెండు ఒకదానిపై ఒకటి నిలిపి, వాటిపైన హెడ్ పెడితే ఫుల్ స్టాక్. 1960లలో ఇంగ్లండులో ద హూ రాక్ బృందపు గిటారిస్టు పీట్ టౌన్షెండ్ కోరినందున ఆంప్లిఫయర్ల తయారీదారు జిమ్ మార్షల్ ఎనిమిది స్పీకర్లను ఒకే బాక్సులో అమర్చి ఇచ్చారు. దానిని మోయడం మనుషుల వల్ల కాకపోవడంతో అడ్డంగా రెండు చేయవలసి వచ్చింది. అంటే ఫుల్ స్టాక్ రూపం వెనుక బరువు సమస్య మొదటి నుంచీ ఉన్నదే.

మన గోదావరి డెల్టాలోనూ ముందుగా ఆలోచించవలసినది ఆ బరువే. ఒక్కో బాక్సు సుమారు 35 నుంచి 40 కిలోలు, వంద వాట్ల వాల్వు (గాజు గొట్టాలతో పనిచేసే) హెడ్ మరో 20 కిలోలు ఉంటుంది. అమలాపురం నుంచి నర్సాపురంలో కార్యక్రమానికి వెళ్లే బృందం గోదావరి దాటడానికి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కవలసి వస్తే, తడిసిన ఏటవాలు దారిలో రెండో బాక్సును దించడం, ఎక్కించడం ఎవరి పని అన్నది కొనేముందే తేల్చుకోవాలి. హాఫ్ స్టాక్ అయితే ఇద్దరు మనుషులు, ఒక ట్రాలీ ఆటో చాలు.

రెండో బాక్సు చేరితే మోత రెట్టింపవుతుందన్న నమ్మకం మన ఆర్కెస్ట్రాలలో బలంగా ఉంది కానీ, అది నిజం కాదు. వాల్వు హెడ్ ఇచ్చే శక్తి ఒక బాక్సుకైనా, రెండింటికైనా ఒక్కటే. స్పీకర్ల సంఖ్య పెరిగినందువల్ల, ముఖ్యంగా మంద్ర స్థాయిలో, సుమారు 3 డెసిబెళ్లు (శబ్ద తీవ్రత కొలమానం) కలిసివస్తాయి. చెవికి రెట్టింపుగా తోచాలంటే 10 డెసిబెళ్ల వరకూ పెరగాలి. యాభై వాట్ల హెడ్‌కూ వంద వాట్ల హెడ్‌కూ ఉన్న తేడా కూడా ఆ 3 డెసిబెళ్లే.

అసలు తేడా ఎత్తులో ఉంది. హాఫ్ స్టాక్ మొత్తం సుమారు ఒక మీటరు ఎత్తే కనుక, దాని ముందు నిలబడ్డ గిటారిస్టు మోకాళ్లకు, తొడలకు శబ్దం తగులుతుంది గాని చెవులకు సూటిగా అందదు. పన్నెండు అంగుళాల స్పీకరు నుంచి తారస్థాయి శబ్దం టార్చిలైటు వెలుగులా ఎదురుగా మాత్రమే సాగుతుంది. తనకు మొద్దుగా వినబడుతున్నదని అతడు ట్రెబుల్ పెంచుతాడు. ఎదురుగా ముందు వరుస కుర్చీలలో కూర్చున్నవారికి అది చెవులు చిల్లులు పడేటట్లు వినిపిస్తుంది. ఫుల్ స్టాక్‌లో పై బాక్సు దాదాపు తల ఎత్తుకు వస్తుంది కనుక వాయించేవాడు తన ధ్వనిని ఉన్నదున్నట్లు వింటాడు. ఈ లాభం మాత్రం నిజమైనదే. అయితే ముందు భాగం పైకి వాలిన బాక్సును ఎంచుకుని, గట్టి పెట్టె మీదనో ఇనుప స్టాండు మీదనో ఎక్కిస్తే హాఫ్ స్టాక్‌తోనే ఆ లాభంలో చాలా భాగం దక్కుతుంది. బల్లలు పరచి కట్టిన తాత్కాలిక వేదికపై ఇలా ఎత్తి పెట్టడం వల్ల, బల్లలు అదిరి పుట్టే గుమ్మనే మోత కూడా తగ్గుతుంది. దుకాణంలో పరీక్షించేటప్పుడు కూడా ఒకసారి వంగి, చెవిని స్పీకరు ఎత్తుకు తెచ్చి వినాలి. ప్రేక్షకులకు చేరేది ఆ ధ్వని.

భీమవరంలో కల్యాణ మండపమైనా, కాకినాడలో క్రిస్మస్ కూడికైనా, పల్లెలో జాతర అయినా, గిటారును జనానికి వినిపించేది సౌండ్ సిస్టమ్ వారి పెద్ద బాక్సులే. వారు మన ఆంప్లిఫయర్ ముందు పెట్టే మైకు ఒకే స్పీకరును వింటుంది. ఫుల్ స్టాక్‌లోని మిగిలిన ఏడింటిలో పలికేదానిలో మిక్సరుకు చేరేది అతి తక్కువ. పెద్ద పెద్ద బృందాలు సైతం అలంకారానికి ఖాళీ బాక్సులు పేర్చుకున్న సందర్భాలున్నాయి. పైగా 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. ప్రత్యేక అనుమతి లేకపోతే రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు ఆపవలసిందే.

కనుక మైకు సదుపాయం లేని ఆరుబయట తరచుగా వాయించేవారు, వేదికపై ఆంప్లిఫయరుకు దూరంగా నిలబడేవారు, సొంత వాహనమూ మోసే మనుషులూ ఉన్నవారు తప్ప మిగిలినవారందరికీ హాఫ్ స్టాకే తగినదని నా అభిప్రాయం. రెండు స్పీకర్ అవుట్‌పుట్లు ఉన్న హెడ్‌ను కొంటే, తరువాత అవసరమైనప్పుడు అడుగున నిటారు బాక్సును చేర్చుకోవచ్చు.

అలా చేర్చేటప్పుడు ఓమ్‌ల (బాక్సు విద్యుత్తుకు చూపే నిరోధం) లెక్క తప్పకూడదు. 16 ఓమ్‌ల బాక్సులు రెండు కలిస్తే 8 ఓమ్‌లు, 8 ఓమ్‌లవి రెండు కలిస్తే 4 ఓమ్‌లు అవుతాయి. హెడ్ వెనుక ఉన్న స్విచ్‌ను అందుకు తగినట్లు మార్చాలి. బాక్సు తగిలించకుండా వాల్వు హెడ్‌ను ఆన్ చేసి వాయిస్తే లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. హెడ్‌కూ బాక్సుకూ మధ్య గిటారు వైరును వాడరాదు, స్పీకరు వైరునే వాడాలి. జనరేటరుపై నడిచే వేదికలలో ప్లగ్ పెట్టేముందు మల్టీమీటరుతో 230 వోల్టులకు దగ్గరగా ఉన్నదో లేదో చూసుకోవాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన 120 వోల్టుల హెడ్ అయితే తగిన సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్‌లో పెట్టనే కూడదు.