వీలునామా, ఆస్తి పంపకాలు, పన్నులు చూసే లాయర్‌ను ఎలా ఎంచుకోవాలి?

బ్యాంకులో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. అందులో సగం కాలం నా టేబుల్ మీదికి వచ్చినవి చనిపోయినవాళ్ల ఖాతాల క్లెయిములే. రిటైరయ్యాక కూడా బంధువులు, కాలనీవాళ్లు ఏదో ఒక కాగితం పట్టుకుని వస్తూనే ఉన్నారు, వాళ్లకు తోడుగా ఇప్పటికి పదిహేను మంది లాయర్ల దగ్గరైనా కూర్చుని ఉంటాను. పెళ్లికి ఫంక్షన్ హాలు కావాలంటే నాలుగు చూసి బేరమాడేవాళ్లు కూడా, జీవితమంతా కూడబెట్టిన ఇల్లూ పొలమూ ఎవరికి ఎలా చేరాలో రాసే మనిషిని మాత్రం "మా తోడల్లుడికి బాగా తెలుసట" అన్న ఒక్క మాటతో ఖాయం చేసేస్తారు. తర్వాత పిల్లలు పదేళ్లు కోర్టు చుట్టూ తిరుగుతారు. ఇది చూసి చూసి విసుగొచ్చే రాస్తున్నాను.

కాగితాలు

ఇది ఒక పూట పని. దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి అంతకు ముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు, ఎఫ్‌డీలు, షేర్లుండే డీమ్యాట్ ఖాతా, బీమా పాలసీలు, అప్పులు, ఎక్కడెక్కడ ఎవరు నామినీలో అన్నీ ఒక పేజీలో రాసుకోండి. పిల్లలు ఎవరు, ఎక్కడున్నారు అన్నది ఇంకో పేజీలో. లాయర్‌కు జిరాక్సులే ఇవ్వాలి. ఒరిజినల్స్ చూపించి అదే సంచిలో వెనక్కి తెచ్చుకోవాలి, ఆయన ఎంత నమ్మకస్తుడైనా సరే.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి

ఇంటర్నెట్‌లో పైన కనిపించేవాళ్లను పట్టుకోకండి. లాయర్లు ప్రకటనలు ఇచ్చి కేసులు పిలవకూడదని బార్ కౌన్సిల్ రూలే ఉంది, కాబట్టి ప్రకటన చూసి మంచి లాయర్ దొరికాడనుకోవడానికి లేదు. మీ జిల్లా కోర్టుకు వెళ్లి పార్టిషన్ సూట్లు (ఆస్తి పంపకాల దావాలు), వీలునామా తగాదాలు ఎవరు వాదిస్తారో కనుక్కోండి. ఇద్దరు ముగ్గురు ప్లీడర్లను అడిగితే అవే నాలుగు పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. ఆ నలుగురిలోంచే ఎంచుకోవాలి.

పార్టిషన్ సూట్లు వాదించేవాళ్లే ఎందుకంటే, వీలునామా నిలబడుతుందో లేదో తేలేది కోర్టు బోను దగ్గర. రాసినాయన అప్పటికి ఉండడు. సాక్షిని నిలబెట్టి "ఆయన సంతకం పెడుతుంటే నువ్వు చూశావా, ఆ రోజు ఆయనకు తెలివి ఉందా" అని అడుగుతారు. ఆ ప్రశ్నలు తాను వేసి, అవతలివాళ్లు వేస్తుంటే విని, పది వీలునామాలు విరిగిపోవడం కళ్లారా చూసిన మనిషి రాసే కాగితం వేరు, ఫార్మాట్‌లో పేర్లు మార్చి ప్రింటు తీసే మనిషి రాసే కాగితం వేరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చునే డాక్యుమెంట్ రైటర్లలో బాగా చేయి తిరిగినవాళ్లున్నారు, హద్దులు వాళ్లు రాసినంత శుభ్రంగా లాయర్లు కూడా రాయరు. కానీ రాసిన పని అక్కడితో అయిపోతుంది వాళ్లకు. ఆన్‌లైన్‌లో కొనే రెడీమేడ్ వీలునామాకు ఆ హద్దులు కూడా సరిగా ఉండవు.

మరి పన్నులు? హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల వారసత్వమూ పన్నూ రెండూ గట్టిగా తెలిసిన లాయర్లు ఉన్నారు. మిగతా ఊళ్లలో ఒక సివిల్ లాయర్, ఒక చార్టర్డ్ అకౌంటెంట్, ఇద్దరూ కావాలి. ఇద్దర్నీ ఒక్కసారైనా ఒకే గదిలో కూర్చోబెట్టాలి. విడివిడిగా అడిగి మీరు మధ్యలో కబురు మోస్తే సగం మాట జారిపోతుంది.

వయసు నలభై నుంచి యాభై అయిదు మధ్య ఉండాలి. మీకంటే పెద్దాయన వద్దు, రేపు కాగితం మీద ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పడానికి ఆయన ఉండాలి కదా. పేరు ఖాయం చేసేముందు ఎన్‌రోల్‌మెంట్ నంబర్ (బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా నమోదైన నంబర్) అడగండి. మొహమాటపడక్కర్లేదు, సరైనవాళ్లు లెటర్‌హెడ్ మీదే వేసుకుంటారు.

మొదటి మీటింగ్: అసలు కష్టం ఇక్కడే

అందరూ పొరపాటు చేసేది ఇక్కడే, అందుకే ఇక్కడ ఆగి చదవండి.

భార్యాభర్తలిద్దరే వెళ్లండి. కొడుకు కారులో దింపినా సరే, బయటే కూర్చోవాలి. అలా చేయకపోతే రేపు "పెద్దోడు పక్కన కూర్చుని రాయించాడు" అన్న మాట కోర్టులో వస్తుంది, ఆ ఒక్క అనుమానంతోనే మంచి వీలునామాలు చిక్కుల్లో పడ్డాయి. సాయంత్రం కోర్టు అయ్యాక టైం తీసుకోండి. సోమవారం వద్దు, ఆ రోజు వాళ్ల మనసు మీ మీద ఉండదు.

లోపలికి వెళ్లాక ఆయన ఎంత బాగా మాట్లాడుతున్నాడో చూడకండి. మిమ్మల్ని ఏమి అడుగుతున్నాడో చూడండి. నేను ప్రతిసారీ ఒకే మాటతో మొదలుపెట్టిస్తాను: "ఇల్లు అబ్బాయి పేరున ఇప్పుడే రాసేద్దామనుకుంటున్నాం, సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తి రాసిచ్చే దస్తావేజు) చేసి పెట్టండి." దానికి "సరే, ఆధార్, ఫోటోలు తెండి, గురువారం స్లాట్ బుక్ చేద్దాం" అన్నారంటే టీ తాగి లేచి వచ్చేయండి.

మంచి లాయర్ అక్కడ ఆపేస్తాడు. "రాసేశాక మీరెక్కడుంటారు?" అని అడుగుతాడు. వీలునామా అయితే బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, స్టాంపు డ్యూటీ కూడా లేదు. రిజిస్టరైన సెటిల్‌మెంట్‌ను మాత్రం మీరొక్కరే వెళ్లి రద్దు చేసుకోలేరు. ఈ తేడా మీరు అడగకుండానే చెప్పాలి. అయినా మీరు ఇప్పుడే రాస్తానంటే, తల్లిదండ్రులను చూసుకోవాలి, కనీస అవసరాలు తీర్చాలి అన్న షరతు దస్తావేజులోనే పెట్టాలి అనాలి. ఎందుకంటే 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ కింద అలాంటి బదిలీని రద్దు చేయించుకునే దారి ఉంది, ఆ షరతు ఉండి తీరాలని 2022 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు చెప్పింది, 2025 జనవరిలో ఇంకో కేసులో అదే కోర్టు చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు చేసేలా ఉదారంగా చదవాలంది. ఈ రెండు తీర్పుల ఊసు తెలియని లాయర్ మీకు పనికిరాడు.

మా పెద్దమ్మ విషయంలో జరిగింది ఇదే. ఊళ్లో పేరున్న ప్లీడరే రాశాడు, "ప్రేమాభిమానములతో" అని నాలుగుసార్లు రాశాడు గానీ చూసుకోవాలన్న వాక్యం ఒక్కటీ లేదు. రెండేళ్లకు ఆవిడ అద్దె గదిలో ఉంది. ఆర్డీవో దగ్గర పిటిషన్ వేయడానికి నేనే తీసుకెళ్లాను, అక్కడ మొదట అడిగింది ఆ వాక్యం ఎక్కడుందనే. ఆ రోజు ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండో మాట, "ఈ పొలం నాది, చిన్నోడికి రాయాలి." అప్పుడు ఆయన అడగాల్సింది అది స్వార్జితమా, పిత్రార్జితమా అని. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మీ వాటా వరకే వీలునామా రాయగలరు. 2005 సవరణ తర్వాత కూతురికీ పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కుంది, 2020లో సుప్రీం కోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. తాతల నాటి పొలాన్ని "నా యావదాస్తి" అని రాసిపెట్టిన వీలునామాలు లెక్కలేనన్ని చూశాను. ఇంకా మీరు ఏ మతస్థులు, పెళ్లి ఏ చట్టం కింద అయింది అని కూడా అడగాలి. ముస్లింలయితే మూడో వంతుకు మించి వీలునామా రాయాలంటే వారసుల ఒప్పుదల కావాలి, క్రైస్తవులయితే సాక్షికి గానీ సాక్షి భార్యకో భర్తకో గానీ రాసింది చెల్లదు. హిందువులకు ఆ రెండో నిబంధన లేదు. అయినా ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు.

మూడోది పన్ను. "అమ్మాయికి స్థలం వస్తే పన్ను ఎంత కట్టాలి?" అని అడగండి. "ఏమీ లేదండీ" అని అక్కడితో ఆగితే సగం జవాబే. మన దగ్గర వారసత్వ పన్ను 1985లోనే తీసేశారు, వీలునామా ద్వారా వచ్చినదాని మీద ఆదాయపు పన్ను లేదు, అంతవరకూ నిజం. కానీ అమ్మాయి తర్వాత అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది, అప్పుడు లెక్క మీరు కొన్న ధర నుంచి మొదలవుతుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. అందుకే "కొన్న కాగితాలు, ఇంటికి పెట్టిన ఖర్చు రసీదులు వీలునామాతో పాటే పెట్టండి" అని చెప్పే లాయర్ దొరికితే వదలకండి. 2024 జూలై 23 నుంచి దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం అయింది. అంతకు ముందు కొన్న స్థలాలు, ఇళ్లకు ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి చూడటం) 20 శాతం లెక్క చూసుకునే వీలుంది గానీ, అది ఇక్కడ నివాసముండేవాళ్లకే, అమెరికాలో ఉన్న అమ్మాయికి కాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి నంబర్లు తడుముకుంటే ఫర్వాలేదు, సంగతి తెలిసి ఉండాలి.

పిల్లలు అమెరికాలో ఉంటే ఇంకో మాట. అక్కడ ఉండేవాళ్లకు ఇక్కడి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి వారసత్వంగా గానీ బహుమతిగా గానీ వస్తే, పన్ను లేకపోయినా అక్కడి పన్నుల శాఖకు ఫారం 3520 ఇవ్వాలి. ఇక్కడి లాయర్ "అది నా పరిధి కాదు, అక్కడి సీపీఏను (మన చార్టర్డ్ అకౌంటెంట్ లాంటివాళ్లను) అడగమనండి" అంటే నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. తెలియనిది తెలియదని చెప్పగలిగేవాడు తెలిసినది సరిగానే చెప్తాడు.

చివర్లో నామినీ గురించి అడగండి. నా టేబుల్ దగ్గర ఎక్కువ ఏడుపులు దీని మీదే. బ్యాంకు నామినీకి డబ్బు ఇచ్చేస్తుంది, కానీ నామినీ అయినంత మాత్రాన సొంతదారు కాడు, వారసుల తరఫున పుచ్చుకున్నట్టే. షేర్ల విషయంలోనూ 2023 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు ఇదే చెప్పింది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. వీలునామాలో ఒక పేరు, ఎఫ్‌డీలో ఇంకో పేరు ఉంటే గొడవే, కాబట్టి మీ నామినీల పేజీ ఆయన అడిగి తీసుకోవాలి.

ఫీజు

మొత్తం పనికి ఇంత అని ముందే చెప్పించుకోండి, రాతకు వేరు, రిజిస్ట్రేషన్‌కు తోడు రావడానికి వేరు. ఆస్తి విలువలో శాతం అడిగితే వద్దనండి. కేసు గెలిస్తే వాటా ఇమ్మనడం బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం తప్పు, వీలునామాకు శాతం లెక్కేమిటసలు, ఎకరం రాసినా పదెకరాలు రాసినా ఆలోచన అంతే కదా. రసీదు ఇవ్వనివాళ్లకు అడ్వాన్సు ఇవ్వొద్దు. మీ లాయరే మీ కొడుకు లాయర్ కూడా అయితే ఎంత తక్కువ ఫీజైనా వద్దు.

డ్రాఫ్టు

తెలుగులోనే రాయించాలి. ఇంగ్లిష్‌లో రాస్తే గొప్పగా ఉంటుందనుకోకండి, మీకు అర్థమయ్యే రాశారని రేపు సాక్షి చెప్పగలగాలి. డ్రాఫ్టు ఇంటికి తెచ్చుకుని వారం రోజులు ఉంచండి. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, సర్వే నంబర్లు, హద్దులు దస్తావేజుతో సరిపోయాయా, ఇందులో రాయని ఆస్తి ఎవరికి అన్న వాక్యం ఉందా చూడండి. సాక్షులు ఇద్దరు కావాలి, ఇద్దరూ మీకంటే చిన్నవాళ్లయి ఉండాలి. ఒకరు మీ ఫ్యామిలీ డాక్టర్ అయితే మంచిది.

వీలునామా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించండి. ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేసే వీలుంది. ఆస్తి అమ్మినా, కొన్నా, ఇంట్లో పెళ్లో విడాకులో జరిగినా అదే లాయర్‌కు ఫోన్ చేసి మళ్లీ ఒకసారి కూర్చోండి. కొత్తది రాయించినప్పుడు పాతది ఏ తేదీది, ఏ నంబరుదో రాసి, అది రద్దయిందని మొదటి పేరాలోనే పెట్టించండి.