ఎంటీబీ (మౌంటెన్ బైక్) రేసులో మీ టైం ఎక్కడ పోతోందో ముందు కనుక్కోండి, కాళ్ళ సంగతి తర్వాత

మొదటి ఎంటీబీ రేసుకి ముందు మూడు నెలలు నేను తొక్కింది మొత్తం హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ మీదే. తెల్లారి అయిదింటికి వెళ్ళడం, 40 కిలోమీటర్లు కొట్టడం, యావరేజ్ 28 వచ్చిందని స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టడం, ఇదే పని. రేసు రోజు ఏమైందంటే ఎక్కుడులో నలుగురిని దాటేవాడిని, దిగుడులో అదే నలుగురు నన్ను దాటేసి పోయేవాళ్ళు, ప్రతి ల్యాపూ అంతే, ఆఖరి ల్యాప్‌కి ఎక్కుడులో దాటే ఓపిక కూడా అయిపోయింది.

అందుకే ఎవరైనా "ఫాస్ట్ అవ్వాలంటే ఏం ట్రైనింగ్ చేయాలి" అని అడిగితే ముందు ఒక ఆదివారం లెక్క చూసుకోమంటాను. మూడు నాలుగు కిలోమీటర్ల లూప్ ఒకటి పట్టుకోండి, మాకైతే వికారాబాద్ అనంతగిరి వైపు ఎర్రమట్టి దారులు, వైజాగ్ వాళ్ళకి కొండలకి కొదవే లేదు. ఎక్కుడు, చదును, దిగుడు మూడు ముక్కలుగా విడగొట్టి టైం తీయండి, మీకంటే కొంచెం ఫాస్ట్‌గా తొక్కేవాడితో కూడా అదే లూప్ తొక్కించి పక్కపక్కన పెట్టి చూడండి. నేను చూసుకున్నప్పుడు 16 నిమిషాల ల్యాప్‌లో ఎక్కుడులో పోయింది 20 సెకన్లు, దిగుడులోనూ మలుపుల్లోనూ పోయింది నిమిషం పైనే. అంటే మూడు నెలలు ఆ 20 సెకన్ల కోసం కష్టపడ్డానన్నమాట! మీది దీనికి రివర్స్ కూడా అయి ఉండొచ్చు, చూస్తే గానీ తెలీదు.

దిగుడు సంగతే ముందు చెప్తాను ఎందుకంటే దీనికి ఫిట్‌నెస్ అక్కర్లేదు, రెండు వారాల్లో తేడా కనిపిస్తుంది. మనలో చాలామంది చేసే తప్పు సీటు మీద కూర్చుని, రెండు బ్రేకులూ సగం సగం పట్టుకుని, ముందు చక్రం పక్కన ఉన్న రాయినే చూస్తూ దిగడం. చూసిన రాయి మీదకే బండి పోతుంది, ఇది నిజంగా జరుగుతుంది, కావాలంటే ట్రై చేయండి. చూపు ఎప్పుడూ పది పదిహేను మీటర్ల ముందు ఉండాలి, మలుపులో అయితే మలుపు దాటాక దారి ఎటు పోతుందో అటు. పెడల్స్ రెండూ సమానంగా, మడమలు కొంచెం కిందకి, మోచేతులు బయటకి వంచి, పిర్రలు సీటు నుంచి లేపి, బరువంతా కాళ్ళ మీద. చేతుల మీద బరువు పడితే పది నిమిషాల్లో ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి, బ్రేక్ పట్టే వేలు కూడా కదలదు. బ్రేక్‌కి ఒక్క వేలు చాలు, మిగతావి హ్యాండిల్ పట్టుకోడానికి.

బ్రేక్ ఎక్కడ వేయాలన్నది అసలు విషయం. మలుపుకి ముందు, బండి నిటారుగా ఉన్నప్పుడే గట్టిగా వేసి వదిలేయాలి, మలుపు లోపల వేయకూడదు, ఎందుకంటే టైర్‌కి ఉన్న గ్రిప్ అటు తిరగడానికీ ఇటు ఆగడానికీ రెండింటికీ సరిపోదు, గులకరాళ్ళ మీద అయితే అస్సలు సరిపోదు. నేను ఇది నేర్చుకున్నది మోకాలు చెక్కుకుపోయాకే లెండి, మలుపు మధ్యలో భయమేసి ముందు బ్రేక్ నొక్కాను, అంతే, నేను ఒకవైపు బండి ఒకవైపు. మలుపులో బయటి పెడల్ కిందకి తొక్కి పెట్టి, బండిని లోపలికి వంచండి, మీ ఒళ్ళు మాత్రం బండి కంటే నిటారుగా ఉండనివ్వండి. రోడ్డు సైకిల్ అలవాటున్నవాళ్ళకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది, వాళ్ళు బండితో పాటే ఒళ్ళు కూడా వంచేస్తారు. ఖాళీ గ్రౌండ్‌లో నాలుగు వాటర్ బాటిళ్ళు పెట్టి ఎనిమిది అంకె వేస్తూ అరగంట తిరగండి, చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒకే దిగుడుని పది సార్లు దిగడం పది వేరే దిగుళ్ళు దిగడం కంటే మేలు, ప్రతిసారీ ఒక్క చోట బ్రేక్ తగ్గించుకుంటూ రండి. మోచేతికీ మోకాలికీ ప్యాడ్స్ వేసుకోండి, హెల్మెట్ గురించి చెప్పక్కర్లేదు అనుకుంటా.

టైర్ గాలి కూడా దిగుడు లెక్కలోకే వస్తుంది. షాపులో కొట్టించుకున్న 40 పీఎస్ఐతో ట్రెయిల్ (మట్టి దారి) మీదకి పోతే బండి బంతిలా ఎగురుతుంది, గ్రిప్ ఉండదు, పైగా ఎగిరినప్పుడల్లా స్పీడ్ పోతుంది. నా బరువు 70 కిలోలు, 2.25 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లు, ముందు 21, వెనక 23 పీఎస్ఐ పెడతాను. ట్యూబ్ ఉంటే అంత తగ్గించకండి, రాయి తగిలి రిమ్‌కీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి పాము కాటులా రెండు బొక్కలు పడతాయి. కొత్త బండి కొనే డబ్బులు ఉంటే పక్కన పెట్టి ముందు ట్యూబ్‌లెస్ చేయించుకోండి, నా లెక్క ప్రకారం ఖర్చుకి తగ్గ ఫలితం ఇచ్చేది ఇదొక్కటే.

ఇక కాళ్ళు. ఒలింపిక్స్‌లో ఉండే క్రాస్ కంట్రీ రేసు పెద్దవాళ్ళకి గంటా ఇరవై నిమిషాల నుంచి గంటా నలభై నిమిషాల దాకా ఉంటుంది, మన దగ్గర లోకల్ రేసులు ఎక్కువగా గంట లోపే. కానీ ఆ గంటా ఒకేలా ఉండదు, 40 సెకన్లు ప్రాణం పోయేలా ఎక్కుడు, 20 సెకన్లు దిగుడు, మళ్ళీ ఎక్కుడు, ఇలా చివరిదాకా. రోడ్డు మీద ఒకే స్పీడ్‌లో గంటలు గంటలు తొక్కినవాడికి ఇక్కడ ఊపిరి ఆడకపోవడానికి కారణం ఇదే. వారానికి రెండు రోజులు మాత్రమే గట్టిగా తొక్కండి, రెండే, మిగతా రోజులు పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా. మనవాళ్ళు ఇక్కడే చెడిపోతారు, నెమ్మది రోజున ఎవడో ఓవర్‌టేక్ చేశాడని వెంటపడతారు, గట్టి రోజున కాళ్ళు రావట్లేదని ఏడుస్తారు, చివరికి అన్ని రోజులూ ఒకే మధ్యరకం స్పీడ్. (నేనూ అంతే, ఇప్పటికీ ఎవడైనా దాటితే చేతులు దురద పెడతాయి.)

గట్టి రోజుల్లో ఒకటి పొడవు ఇంటర్వెల్స్, 8 నిమిషాలు చొప్పున నాలుగు సార్లు, మధ్యలో 3 నిమిషాలు రెస్ట్. ఆ 8 నిమిషాలు ఒకటి రెండు మాటల కంటే ఎక్కువ మాట్లాడలేనంత ఆయాసం ఉండాలి, కానీ నాలుగోది కూడా మొదటిదానిలాగే పూర్తి చేయగలగాలి, మొదటిదాంట్లోనే చచ్చిపోతే లెక్క తప్పినట్టు. రెండో రోజు చిన్నవి, 30 సెకన్లు గట్టిగా, 15 సెకన్లు వదిలేసి, మళ్ళీ 30, ఇలా 13 సార్లు చేస్తే ఒక సెట్, 3 నిమిషాలు ఆగి ఇంకో సెట్, కొత్తవాళ్ళకి రెండు చాలు, కొన్ని వారాల తర్వాత మూడు. రేసులో ఉండే తీరుకి ఇది చాలా దగ్గర. పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్స్‌లో చూపే పరికరం) ఉన్నవాళ్ళు 20 నిమిషాల టెస్ట్ చేసి యావరేజ్‌ని 0.95తో గుణించుకోండి, 220 వాట్స్ వస్తే ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు నిలబెట్టగలిగే పవర్) 209, 8 నిమిషాల ఇంటర్వెల్స్ ఆ నంబర్‌కి కొంచెం పైన తొక్కాలి. మీటర్ లేదా, ఏం పర్లేదు, ఊపిరే మీటర్.

వారం మొత్తం నేను చేసేది ఇలా ఉంటుంది, సోమవారం రెస్ట్, మంగళవారం పొడవు ఇంటర్వెల్స్, బుధవారం గంట నెమ్మదిగా, గురువారం 30-15లు, శుక్రవారం ఇంట్లో స్క్వాట్స్, డెడ్‌లిఫ్ట్, ప్లాంక్ అరగంట, శనివారం మలుపులూ దిగుళ్ళూ, ఆదివారం ట్రెయిల్ మీద రెండున్నర మూడు గంటలు. మూడు వారాలు ఇలా తొక్కి నాలుగో వారం సగానికి తగ్గిస్తాను. ఆఫీసులో రిలీజ్ ఉన్న వారం గురువారం ఎగిరిపోతుంది, ఎగిరిపోతే పోనీ, దాన్ని శుక్రవారానికి జరిపి శనివారం ఇంకోటి ఇరికించే పని మాత్రం పెట్టుకోకండి.

తిండి గురించి పొట్టిగా. గంట దాటిన రైడ్‌లో గంటకి 60 గ్రాముల కార్బ్స్ లెక్కన తినాలి, ఒక మామూలు అరటిపండులో దాదాపు 25 గ్రాములు ఉంటాయి. జెల్స్ ఖరీదు అనుకుంటే 750 ఎంఎల్ బాటిల్‌లో 40 గ్రాముల చక్కెర, పావు స్పూన్ ఉప్పు, నిమ్మకాయ పిండుకోండి, నాకైతే బాగానే పనిచేస్తుంది. రేసు రోజు పొద్దున ఇడ్లీ, కొంచెం పలచటి చట్నీ, స్టార్ట్‌కి రెండున్నర గంటల ముందు. పెసరట్టు ఉప్మా మాత్రం రేసు అయ్యాకే, ఆ తప్పు ఒకసారి చేశాను, వివరాలు వద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకి ఏడు గంటలకల్లా ఇంట్లో ఉండేలా ప్లాన్ చేసుకోండి, ఎండలో ఇంటర్వెల్స్ చేస్తే గుండె కొట్టుకోవడం పెరుగుతుంది గానీ పవర్ పెరగదు.

రేసుకి వారం ముందు ట్రైనింగ్ టైం సగానికి తగ్గించండి, కానీ ఒకటి రెండు చిన్న గట్టి ముక్కలు ఉంచండి, పూర్తిగా ఆపేస్తే కాళ్ళు బద్ధకించి మొద్దుబారతాయి. ముందు రోజు కోర్సు తొక్కి చూడడం తప్పనిసరి, కష్టమైన చోట దిగి నడిచి చూడండి, లైన్ (బండి ఎటు పోనివ్వాలన్నది) రెండు మూడు రకాలుగా ఆలోచించి పెట్టుకోండి ఎందుకంటే రేసులో మీకు నచ్చిన లైన్‌లో ఎవడో పడిపోయి ఉంటాడు. స్టార్ట్‌కి ముందు 20 నిమిషాలు వార్మప్, అందులో రెండు స్ప్రింట్లు. మొదటి రెండు నిమిషాలు ఇక్కడ చాలా ముఖ్యం, అందరూ ఒకేసారి బయల్దేరతారు, సింగిల్ ట్రాక్ (ఒక్క బండి పట్టే సన్న దారి) మొదలయ్యేలోపు ముందుండకపోతే నెమ్మదిగా పోయేవాడి వెనక ఇరుక్కుపోతారు, దాటడానికి దారి ఉండదు. నా మొదటి రేసులో చివరి వరసలో నిలబడి ఫోటోలు దిగుతున్నాను, విజిల్ వేశారు.

పంక్చర్ కూడా ప్రాక్టీస్ చేయాల్సిన విషయమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ వాడు టామ్ పిడ్‌కాక్‌కి రేసు మధ్యలో ముందు టైర్ పంక్చరై, టెక్ జోన్‌లో (రిపేర్లు చేసే చోట) చక్రం మార్పించుకుని, వెనకబడిపోయి, ఆఖరి ల్యాప్‌లో ఫ్రాన్స్ వాడు విక్టర్ కొరెట్జ్కీని దాటి 9 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆయనకి మెకానిక్ ఉన్నాడు, మనకి మనమే. ప్లగ్ (టైర్ బొక్క మూసేది), ఒక ట్యూబ్, సీఓటూ (గాలి నింపే చిన్న సిలిండర్), టైర్ లివర్ బండికే కట్టి ఉంచి, ఇంటి దగ్గర ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మార్చి చూడండి. నాకు మొదటిసారి 11 నిమిషాలు పట్టింది, ఇప్పుడు 4లో అయిపోతోంది, సీలెంట్ (ట్యూబ్‌లెస్ టైర్‌లో పోసే జిగురు ద్రవం) మాత్రం గోళ్ళలో రెండ్రోజులు ఉంటుంది.